వెనుక పుటకు తల ఎటు?

కాగితానికి ముఖాలు రెండైనా, పత్రాన్ని అచ్చుకు సిద్ధం చేసేవారి ధ్యాస సాధారణంగా మొదటి ముఖం మీదే నిలుస్తుంది. అక్షరం ఎంత పరిమాణంలో ఉండాలి, అంచుల్లో ఎంత ఖాళీ వదలాలి, పట్టికలో ఎన్ని గడులు పట్టాలి అన్నవన్నీ తెర మీద కనిపించే పుటను చూసి తేల్చుకునే సంగతులే. వెనుక వైపు అచ్చు కాబోయే పుట కూడా తెర మీద అంతే నిటారుగా కనిపిస్తుంది కాబట్టి, దాని విషయంలో విడిగా నిర్ణయించవలసింది ఏదీ లేదన్న భావన సహజంగానే కలుగుతుంది. అయితే ఆ రెండు పుటలూ ఒకే కాగితానికి చెరో వైపు చేరబోయేటప్పుడు, తెర మీద ఎక్కడా కనిపించని ఒక ప్రశ్న తలెత్తుతుంది: మొదటి పుట తల వెనుక రెండో పుట తల రావాలా, పాదం రావాలా? నిలువు పుటల విషయంలో ఈ ప్రశ్నకు అలవాటే సమాధానం చెబుతుంది, ఎందుకంటే నిలువు పుటల పత్రాన్ని చాలావరకు పుస్తకంలాగా ఎడమ అంచునే కుడతారు. కాగితాన్ని పడుకోబెట్టి, ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువగా ఉండేట్టు వాడుకునే అడ్డపుటకు, అంటే కంప్యూటర్లలో ల్యాండ్‌స్కేప్ అని వ్యవహరించే పుటకు, అలాంటి స్థిరమైన అలవాటు ఏదీ లేదు. తలకిందుల బెడద దానికే ఎక్కువ కావడానికి కారణం అదే.

అడ్డపుటను విషయమే కోరుకుంటుంది. గ్రామ రెవెన్యూ లెక్కల్లో అడంగల్ అనీ, తెలంగాణలో పహాణీ అనీ పిలిచే పట్టికలో సర్వే నంబరు, విస్తీర్ణం, భూమి స్వభావం, నీటి వసతి, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, వేసిన పంట ఒకే వరుసలో పక్కపక్కన ఉండాలి, ఎందుకంటే ఒక కమతానికి చెందిన వివరమంతా కన్ను ఎడమ నుంచి కుడికి ఒక్కసారి సాగితే అందవలసి ఉంటుంది. బడిలోని హాజరు పట్టీకి పేర్ల గడి తరవాత నెలలోని రోజులకు 31 సన్నని గడులు, చివర మొత్తం వేసే గడి కావాలి. జీతాల బిల్లు, మార్కుల జాబితా, కట్టడపు పనుల అంచనా పట్టిక, ఉపన్యాసానికి తోడుగా పంచే స్లయిడ్ల ప్రతి కూడా ఈ కోవలోవే. వ్యాసపు పుట తలకిందులైతే చదువరికి కాస్త విసుగు కలుగుతుందేమో గాని, పట్టిక తలకిందులైతే జరిగే నష్టం అంతకన్నా పెద్దది. హాజరు పట్టీలో 30వ పేరు దాకా ముందు వైపు, 31వ పేరు నుంచి వెనుక వైపు ఉన్నాయనుకుంటే, కాగితం తిప్పగానే పదిహేనో తారీఖు గడి ముందు పుటలో ఉన్న చోటనే వెనుక పుటలోనూ కనబడాలి. పుట తలకిందులైతే చదువరి కాగితాన్ని మళ్ళీ చుట్టూ తిప్పుకోవలసి వస్తుంది, ఆ తిప్పడంలో వేలితో గుర్తు పెట్టుకున్న గడి చేజారిపోతుంది, లెక్క మొదటికి వస్తుంది.

అచ్చు వేసే సాఫ్ట్‌వేర్ ఈ నిర్ణయాన్ని రెండే మాటల్లో అడుగుతుంది: కాగితాన్ని లాంగ్ ఎడ్జ్ మీద తిప్పాలా, షార్ట్ ఎడ్జ్ మీద తిప్పాలా? లాంగ్ ఎడ్జ్ అంటే కాగితపు పొడుగు అంచు, షార్ట్ ఎడ్జ్ అంటే పొట్టి అంచు. ఎ4 కాగితం కొలతలు 210, 297 మిల్లీమీటర్లు కాబట్టి, 297 మిల్లీమీటర్ల అంచు పొడుగుది, 210 మిల్లీమీటర్ల అంచు పొట్టిది. ఏ అంచును ఇరుసుగా చేసుకుని చదువరి కాగితాన్ని తిప్పుతాడో ఆ అంచు పేరు చెప్పమని యంత్రం అడుగుతోందన్నమాట. నిలువు పుటలో పొడుగు అంచులు ఎడమ, కుడి వైపుల ఉంటాయి కాబట్టి లాంగ్ ఎడ్జ్ అన్న ఎంపిక పత్రాన్ని పుస్తకంలా పక్కకు తిరిగేట్టు చేస్తుంది. అదే కాగితం అడ్డం తిరిగితే పొడుగు అంచులు పైకీ కిందికీ చేరతాయి. అప్పుడు అదే లాంగ్ ఎడ్జ్ ఎంపిక పత్రాన్ని గోడ క్యాలెండరులా పైకి తిరిగేట్టు చేస్తుంది. ఎంపిక మారలేదు, పేరు మారలేదు, ఫలితం మాత్రం తారుమారైంది. రెండు వైపుల ముద్రణకు లాంగ్ ఎడ్జ్‌నే ముందుగా ఎంచి ఉంచడం సాఫ్ట్‌వేర్లలో పరిపాటి కాబట్టి, ఎడమ వైపున స్పైరల్ వేయదలచిన అడ్డపుటల పత్రాన్ని ఏమీ మార్చకుండా అచ్చుకు పంపితే, ప్రతి కాగితం వెనుక పుటా తలకిందులుగానే వస్తుంది.

కాబట్టి నియమం చిన్నది: అడ్డపుటల పత్రాన్ని ఎడమన కుట్టేటట్లయితే షార్ట్ ఎడ్జ్, పైన కుట్టేటట్లయితే లాంగ్ ఎడ్జ్ ఎంచుకోవాలి. మొదటి పద్ధతిలో ముందు పుట తల వెనుక వెనుక పుట తలే వస్తుంది. రెండో పద్ధతిలో ముందు పుట పాదం వెనుక వెనుక పుట తల వస్తుంది. కుట్టు కోసం వదిలే ఖాళీ కూడా ఈ నిర్ణయాన్నే అనుసరించాలి. ఎడమ కుట్టులో ఆ ఖాళీ ముందు పుటకు ఎడమన, వెనుక పుటకు కుడిన ఉండాలి; వర్డ్ వంటి సాఫ్ట్‌వేర్లలో దీన్ని మిర్రర్ మార్జిన్లు అంటారు, అంటే అద్దంలో ప్రతిబింబంలాగా పక్కలు మారే అంచులు. పై కుట్టులోనైతే ఖాళీ ముందు పుటకు పైన, వెనుక పుటకు కింద ఉండాలి. ఈ సంగతి మరిచిపోయిన పత్రాల్లో వెనుక పుటల చివరి వరుస, సాధారణంగా మొత్తాలు వేసే వరుస, స్పైరల్ రంధ్రాల పాలవుతుంది. పట్టికలో అన్నిటి కన్నా ముఖ్యమైన అంకెలు ఆ వరుసలోనే ఉంటాయి కాబట్టి, కుట్టు ఎటో ముందే తెలుసుకోవడం అందచందాల విషయంగా కాక లెక్కల భద్రతకు చెందిన విషయంగానే చూడాలి.

ఈ నియమం వెనుక ఒక చక్కని గణితం ఉంది. అట్లకాడతో అట్టును ఏ వైపు నుంచి తిరగేసినా ఒకటే, ఎందుకంటే అట్టుకు తల, పాదం ఉండవు. అక్షరాలు ఎక్కిన కాగితానికి అవి ఉంటాయి కాబట్టి దాన్ని తిరగేసే దారిని బట్టి చదవడం కుదరడమో కుదరకపోవడమో జరుగుతుంది. దీర్ఘ చతురస్రాకారపు కాగితాన్ని అది ఉన్న చోటులోనే మళ్ళీ సరిగ్గా ఇమిడేట్టు కదపడానికి నాలుగే మార్గాలున్నాయి: ఉన్నది ఉన్నట్టే వదిలేయడం, బల్ల మీదే సగం చుట్టు తిప్పడం, పక్కకు తిరగేయడం, పైకి తిరగేయడం. చివరి మూడింటిలో ఏ రెండింటిని ఒకదాని వెంట ఒకటి చేసినా ఫలితం మూడోదానితో సమానమవుతుంది. ఏ ఒక్కదాన్ని రెండుసార్లు చేసినా కాగితం మొదటి స్థితికి వస్తుంది. గణితంలో ఇటువంటి క్రియల కూటమిని సమూహం అంటారు. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ 1884లో ఈ నాలుగింటి సమూహాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నందువల్ల అది ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. అచ్చుపనికి దీని వల్ల తెలిసేది ఏమిటంటే, పక్కకు తిరగేయడానికీ పైకి తిరగేయడానికీ మధ్య ఉన్న తేడా సరిగ్గా సగం చుట్టు, అంతకు మించి మరేమీ లేదు. అంచు ఎంపికలో పొరపాటు జరిగితే వెనుక పుట తలకిందులు కావడం ఒక్కటే జరుగుతుంది. రెండో ఎంపికకు మారితే అది నిశ్చయంగా సరి అవుతుంది.

ఆ సమూహమే మరొక చిక్కును కూడా వివరిస్తుంది. సగం చుట్టును రెండుసార్లు చేస్తే మొదటి స్థితే వస్తుంది కాబట్టి, ఒకేసారి జరిగిన రెండు పొరపాట్లు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ప్రింటరుకూ కంప్యూటరుకూ నడుమ మధ్యవర్తిగా పనిచేసే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ అడ్డపుటను తనంతట తానే వేరే విధంగా తిప్పి ఉంటే, పత్రం పంపినవారు తప్పు అంచును ఎంచుకున్నా వెనుక పుట నిటారుగానే వస్తుంది. అప్పుడు ఆ కార్యాలయంలోనో ఆ జిరాక్స్ షాపులోనో ఒక స్థానిక సూత్రం స్థిరపడుతుంది: ఈ మెషిన్‌లో అడ్డం కాగితాలకు ఎప్పుడూ ఫలానాది పెట్టాలి. ఆ సూత్రం ఆ యంత్రం ఉన్నంత కాలం నిజంగానే పనిచేస్తుంది; యంత్రం మారిన రోజున, లేదా డ్రైవర్ కొత్తదైన రోజున, అది ఏ హెచ్చరికా లేకుండా అబద్ధమవుతుంది. కారణం తెలియకుండా ఫలితాన్ని కంఠస్థం చేసుకున్న జ్ఞానానికి ఉండే పరిమితి ఇదే, కాగా కుట్టు ఎటు, చదువరి చేయి ఎటు కదులుతుంది అన్న ప్రశ్నతో మొదలుపెట్టినవారు ఏ యంత్రం దగ్గరైనా ఒక్క పరీక్ష కాగితంతో సరైన ఎంపికకు చేరుకోగలరు.

యంత్రం లోపల జరిగేది గమనిస్తే ఈ సంగతి మరింత స్పష్టపడుతుంది. సాధారణ ఎ4 లేజర్ ప్రింటర్లో కాగితం పొట్టి అంచు ముందుండేట్టుగా లోపలికి వెళుతుంది. మొదటి వైపు అచ్చయ్యాక సిరాపొడిని వేడితో అతికించే ఫ్యూజర్ రోలర్ల నడుమ నుంచి సాగి, దాదాపు బయటికి వచ్చి, చివరి అంచు మాత్రం లోపలే ఉండగా రోలర్లు వెనక్కి తిరగడం వల్ల మళ్ళీ లోపలికి లాగబడుతుంది. ఆ విధంగా మొదటిసారి వెనుక నడిచిన అంచు రెండోసారి ముందు నడుస్తుంది, కాగితం తిరగబడుతుంది. చదువరి పత్రాన్ని పక్కకు తిప్పినా పైకి తిప్పినా ఈ యాంత్రిక చలనంలో ఏ మార్పూ ఉండదు. లాంగ్ ఎడ్జ్, షార్ట్ ఎడ్జ్ అన్న ఎంపిక వల్ల మారేది యంత్రపు జ్ఞాపకంలో ఉన్న రెండో పుట చిత్రం మాత్రమే, దాన్ని సగం చుట్టు తిప్పి వేయాలా, తిప్పకుండా వేయాలా అన్నదే ఆ ఎంపిక సారాంశం. అడ్డపుట విషయంలో దీనికి తోడు మరొక మలుపు ఉంటుంది: కాగితం ఎలాగూ నిలువుగానే లోపలికి వెళుతుంది కాబట్టి అడ్డపుట చిత్రాన్ని ముందుగా పావు చుట్టు తిప్పాలి, ఆ తిప్పడం గడియారపు ముల్లు దిశలోనా, దానికి ఎదురుగానా అన్నది డ్రైవర్లను బట్టి మారుతుంది. ఇన్ని మలుపుల నడుమ యంత్రానికి స్వయంగా తెలియని విషయం ఒక్కటే: ఆ కాగితాలను చివరికి ఎవరు, ఏ అంచున పట్టుకుని చదువుతారన్నది.

తెలుగు నేల మీద ఈ ప్రశ్న అచ్చుయంత్రాల కన్నా శతాబ్దాల ముందే ఎదురై, తేలిపోయింది కూడా. కాగితం వాడుకలోకి రాకముందు గ్రంథాలకు ఆధారమైన తాళపత్రం స్వభావరీత్యా అడ్డపుట. జానెడు మొదలుకొని మూరెడు దాకా పొడవుండి, రెండు మూడు వేళ్ళ వెడల్పు మాత్రమే ఉండే ఆ ఆకు మీద లేఖకుడు గంటంతో గీరి, ఆ గీతల్లోకి మసి ఎక్కించి, రెండు వైపులా రాసేవాడు. ఆకుల్లో రంధ్రాలు చేసి, వాటి గుండా తాడు పోనిచ్చి, పైనా కిందా చెక్క పలకలు పెట్టి కట్టేవారు. చదువరి ఆకును పొడుగు అంచు మీదుగా పైకి తిప్పి వెనుక వైపును చదివేవాడు. దీనికి కారణం ఆకు నిర్మాణంలోనే ఉంది: మూరెడు ఆకును పక్కకు తిప్పాలంటే చేయి పెద్ద అర్ధవృత్తం గీయాలి, పైకి తిప్పాలంటే రెండు మూడు వేళ్ళంత కదలిక చాలు. రెండు రంధ్రాలున్న ఆకును పైకి తిప్పినప్పుడు ఎడమ రంధ్రం ఎడమనే, కుడి రంధ్రం కుడినే ఉంటాయి. పక్కకు తిప్పితే అవి తారుమారై తాళ్ళు మెలిపడతాయి. రంధ్రం చుట్టూ లేఖకుడు వదిలే ఖాళీ కూడా ఇందువల్లనే రెండు వైపులా వరుసలో ఒకే చోట పడుతుంది. నేటి సాఫ్ట్‌వేర్ పరిభాషలో చెప్పాలంటే తాళపత్ర గ్రంథం ల్యాండ్‌స్కేప్ పత్రం, దాని అమరిక లాంగ్ ఎడ్జ్. హైదరాబాదులోను, తిరుపతిలోను, చెన్నైలోను ప్రాచ్య లిఖిత గ్రంథాలయాల్లో భద్రంగా ఉన్న తెలుగు తాళపత్రాల్లో సాధారణంగా ముందు వైపు పాదం వెనుకనే వెనుక వైపు తల రావడాన్ని ఆ నిర్మాణమే శాసించింది.

తాళపత్రం స్థానంలో కాగితం వచ్చాక కూడా ఆ అమరిక వెంటనే పోలేదు. పత్రాకారం, పోతీ అనే పేర్లతో పిలిచే విడి ఆకుల పుస్తకాలను, పొడవుగా అడ్డంగా ఉండే కాగితాల మీద రెండు వైపులా అచ్చు వేసి, 19వ శతాబ్దంలో బొంబాయి ముద్రణాలయాలు పురాణాలనూ ఇతర సంస్కృత గ్రంథాలనూ ప్రచురించాయి. వాటికి తాడు లేకపోయినా, కుట్టు లేకపోయినా, పారాయణ చేసేవారి చేయి ఆకును పైకి తిప్పడానికే అలవాటు పడి ఉండడం వల్ల వెనుక పుట ఆ అలవాటుకు తగినట్టే అచ్చయింది. టిబెట్‌లో పెచా అనే గ్రంథాలదీ ఇదే రూపం. 1729లో స్థాపితమైన దేర్గే ముద్రణాలయంలో చెక్క అచ్చులతో వేసిన గ్రంథాల పొడవాటి ఆకులు కూడా చదువరి చేతిలో ఇలాగే పొడుగు అంచు మీదుగా తిరుగుతాయి. కుట్టే లేని చోట సైతం చేతి అలవాటు కుట్టు చేసే పనిని చేసిందనడానికి ఇవి నిదర్శనాలు.

రెండు వైపులా రాయడమంటే ప్రతి వైపునూ నింపడమనే అర్థం కూడా ప్రాచీనులకు లేదు. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు అడ్డంగా ఉండే రాగి రేకులు; వాటిని ఒక కడియానికి గుచ్చి, ఆ కడియానికి రాజముద్ర వేసేవారు. ఇటువంటి శాసనాల్లో నడిమి రేకులకు రెండు వైపులా అక్షరాలు చెక్కినా, మొదటి రేకు పై వైపునూ చివరి రేకు వెనుక వైపునూ ఖాళీగా వదిలేయడం విరివిగా కనిపిస్తుంది, ఎందుకంటే బయటి ముఖాలు రాపిడికి గురవుతాయి, దానం పొందినవారి హక్కు తెలిపే అక్షరాలు అరిగిపోకూడదు. నేడు రెండు వైపుల ముద్రణకు పత్రాన్ని సిద్ధం చేసేవారికి ఇందులో ఒక పాఠం ఉంది: ముఖపత్రం వెనుక వైపు ఖాళీ పుట ఉంచడం, ప్రతి అధ్యాయాన్నీ కొత్త కాగితం మీద మొదలుపెట్టడం కాగితాన్ని వృథా చేసినట్టు కాదు. పైగా ఒక్క పుట ఎక్కువో తక్కువో అయినప్పుడు తరవాతి పుటలన్నీ ముందూ వెనుకా తారుమారయ్యే ప్రమాదాన్ని ఆ ఖాళీ పుటలే ఆపుతాయి.

పుస్తకం పక్కన కుట్టే రూపానికి స్థిరపడిన తరవాత, పెద్ద యంత్రాల మీద పనిచేసేవారు ఈ రెండు తిప్పుళ్ళకూ పేర్లు పెట్టుకున్నారు. ఆఫ్‌సెట్ ముద్రణలో కాగితపు ముందు అంచును గ్రిప్పర్లు అనే ఇనుప వేళ్ళు పట్టుకుని లాగుతాయి. మొదటి వైపు అచ్చయ్యాక అదే గ్రిప్పర్ అంచును ఉంచి కాగితాన్ని పక్కకు తిరగేయడం వర్క్ అండ్ టర్న్. తలను పాదం వైపు దొర్లించి, ఎదుటి అంచును గ్రిప్పర్లకు అందించడం వర్క్ అండ్ టంబుల్. కాగితపు కోతలో ఏ కాస్త తేడా ఉన్నా, గ్రిప్పర్ అంచు మారిన రెండో పద్ధతిలో ఆ తేడా ముందు వెనుక పుటలు ఒకదానికొకటి సరిపడకపోవడంగా బయటపడుతుంది కాబట్టి, వీలైనంత వరకు ముద్రకులు మొదటి పద్ధతినే ఎంచుకుంటారు. అడోబీ సంస్థ 1980లలో రూపొందించిన పోస్ట్‌స్క్రిప్ట్ అనే పుట వర్ణనా భాష తరవాతి కాలంలో రెండు వైపుల ముద్రణకు డ్యూప్లెక్స్ అనీ, తల పాదాల తారుమారుకు టంబుల్ అనీ రెండు ఆదేశాలు ఏర్పరచుకుంది. నేడు చిన్న గదిలో బల్ల మీద ఉన్న ప్రింటరు అడిగే ప్రశ్న, ఇనుప గ్రిప్పర్ల దగ్గర నిలబడి రీములకొద్దీ కాగితాలు తిరగేసిన కార్మికుల ప్రశ్నకు వారసత్వమే.

అడ్డపుటలు ఒంటరిగా కాక నిలువు పుటల మధ్య వచ్చినప్పుడు సమస్య మరో రూపం తీసుకుంటుంది. పరిశోధన గ్రంథంలోనో ప్రాజెక్టు నివేదికలోనో వంద నిలువు పుటల నడుమ నాలుగు అడ్డం పట్టికలు ఉంటే, పత్రం మొత్తానికీ ఒకే అంచును ఎంచుకోవలసి వస్తుంది. కుట్టు ఎడమన కాబట్టి ఆ ఎంపిక లాంగ్ ఎడ్జ్ కావాలి, అడ్డపుటలను మాత్రం ముందుగానే పావు చుట్టు తిప్పి నిలువు కాగితంలో ఇమిడ్చాలి. ఎటు తిప్పాలన్న దానికి గ్రంథ ముద్రణలో స్థిరపడిన సంప్రదాయం ఒకటుంది: పట్టిక తల ఎప్పుడూ కాగితానికి ఎడమ వైపు ఉండాలి, కాగితం ముందు వైపైనా సరే, వెనుక వైపైనా సరే. అప్పుడు చదువరి పుస్తకాన్ని గడియారపు ముల్లు దిశలో ఒక్కసారి పావు చుట్టు తిప్పితే, ఎడమ పుట పైకీ కుడి పుట కిందికీ చేరి, ఎదురెదురు పుటల్లోని రెండు పట్టికలు ఒకదాని కింద ఒకటిగా, ఒకే పొడవైన పట్టికలా నిలుస్తాయి. ఎడమ పుట చివరి వరుస తరవాత కన్ను కుట్టును దాటి కుడి పుట మొదటి వరుసకు దిగుతుంది, పుస్తకాన్ని మళ్ళీ తిప్పే పని ఉండదు. 2020లో భారత సుప్రీంకోర్టు తన ముందుకు వచ్చే దాఖళ్ళను ఎ4 కాగితం మీద రెండు వైపులా ముద్రించాలని నిర్దేశించినప్పుడు ఎడమ, కుడి అంచుల్లో చెరో 4 సెంటీమీటర్ల ఖాళీ ఉంచమనడంలోని ఔచిత్యం కూడా ఇక్కడే తెలుస్తుంది: కుట్టు ముందు పుటకు ఎడమన, వెనుక పుటకు కుడిన పడుతుంది కాబట్టి రెండు పక్కలా చోటు ఉండవలసిందే. అటువంటి దస్తావేజుకు జతపరిచే భూముల షెడ్యూలో వంశవృక్షమో అడ్డంగా ఉంటే, పైన చెప్పిన సంప్రదాయమే దాన్ని న్యాయమూర్తి చేతిలో నిటారుగా నిలుపుతుంది.

చిన్న పుస్తకాల తయారీ కూడా నిజానికి అడ్డపుటల ముద్రణే. గుడిలో పంచే వ్రతకల్పమో, సభల్లో ఇచ్చే కరపుస్తకమో తయారు చేయడానికి ఎ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి, దాని మీద పక్కపక్కనే రెండు ఎ5 పుటలు వేసి, మధ్యకు మడిచి, మడత మీద పిన్నులు కొడతారు. మడిచిన సగానికి కూడా మొత్తం కాగితపు నిష్పత్తే ఉండడం వల్ల ఇది కుదురుతోంది; పొట్టి అంచుకూ పొడుగు అంచుకూ నిష్పత్తి 1కి 2 వర్గమూలం అయినప్పుడే ఆ గుణం సిద్ధిస్తుందని జర్మన్ శాస్త్రవేత్త లిఖ్టెన్‌బర్గ్ 1786లో ఒక ఉత్తరంలో గుర్తించాడు, 1922లో జర్మనీ ఆ నిష్పత్తిని తన కాగితపు ప్రమాణంగా స్వీకరించింది, 1975లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. 8 పుటల చిన్న పుస్తకంలో బయటి కాగితానికి ఒక వైపు 8, 1 పుటలు, మరో వైపు 2, 7 పుటలు ఉండాలి. లోపలి కాగితానికి ఒక వైపు 6, 3, మరో వైపు 4, 5 రావాలి. మడత పొట్టి అంచుకు సమాంతరంగా ఉంటుంది కాబట్టి ఇక్కడ ఎంచుకోవలసినది షార్ట్ ఎడ్జ్. లాంగ్ ఎడ్జ్ ఎంచుకుంటే 1వ పుట వెనుక 2వ పుటకు బదులు 7వ పుట తలకిందులుగా వచ్చి, మడిచిన పుస్తకమంతా ఎందుకూ కొరగాకుండా పోతుంది.

కార్యాలయపు ఫైళ్ళలో ఈ ప్రశ్న చాలాకాలం మరుగున పడి ఉండడానికి కారణం, కాగితాలను ఎడమ పైమూలలో ఒకే రంధ్రం చేసి ట్యాగుతో కట్టే అలవాటు. ఆ మూల పొడుగు అంచుకూ పొట్టి అంచుకూ ఉమ్మడి స్థానం కాబట్టి, ట్యాగు వేసిన అడ్డపుటను పక్కకైనా తిప్పవచ్చు, పైకైనా తిప్పవచ్చు. వెనుక పుట ఏ విధంగా అచ్చయినా చేయి దానికి తగినట్టు సర్దుకుంటుంది. అదే కాగితాలను తరవాత ఎప్పుడో స్పైరల్ వేయించడానికి తీసుకువెళితే, అంతవరకూ ఉన్న ఆ వెసులుబాటు పోతుంది, అచ్చు వేసినప్పుడు తీసుకోని నిర్ణయం అప్పుడు లోపంగా బయటపడుతుంది. పత్రానికి శాశ్వతమైన కుట్టు పడే అవకాశం ఏ కాస్త ఉన్నా, అచ్చుకు ముందే ఆ కుట్టును ఊహించి అంచును ఎంచుకోవడం వివేకం.

ఊహించినదాన్ని నిర్ధారించుకోవడానికి ఒకే ఒక్క కాగితం చాలు. రెండు పుటలను మాత్రమే అచ్చు వేసి, కాగితాన్ని కుట్టు పడబోయే అంచున ఎడమ చేతి వేళ్ళతో బిగించి పట్టుకుని, మిగతా భాగాన్ని కుడి చేత్తో చదువరి తిప్పినట్టే తిప్పి చూడాలి. వెనుక పుట నిటారుగా ఉంటే అమరిక సరైనది, తలకిందులైతే రెండో అంచే సరైనది, మూడో అవకాశం లేదు. రెండు వైపులా తనంతట తాను వేయలేని ప్రింటర్ల దగ్గర ముందుగా బేసి పుటలన్నీ వేసి, ఆ కాగితాల కట్టను మళ్ళీ ట్రేలో పెట్టి సరి పుటలు వేయాలి. అక్కడ కట్టను ఎటు తిప్పి పెట్టాలో తెలియడానికి, ఖాళీ కాగితం ఒక మూలన పెన్సిలుతో బాణం గుర్తు వేసి, ట్రేలో పెట్టిన తీరును గుర్తుంచుకుని, అచ్చు ఏ ముఖం మీద, ఏ దిశలో పడిందో చూడడం నమ్మదగిన పద్ధతి. రెండో వైపు వేసే ముందు కాగితాలు చల్లారి, వంపులు పోయి చదునయ్యేదాకా ఆగితే ఇరుక్కోవడం కూడా తగ్గుతుంది.

కాగితం పొదుపు కోసమే రెండు వైపుల ముద్రణ అన్న వాదానికి బలం ఉంది. చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే ఎ4 కాగితం ఒకటి దాదాపు 5 గ్రాముల బరువుంటుంది. 500 కాగితాల రీము దాదాపు రెండున్నర కిలోలు. రెండు వైపులా వేస్తే ఆ బరువులో సగం మిగులుతుందన్నది సరళమైన లెక్క. అయితే తలకిందులైన ప్రతిని పక్కన పారేసి మళ్ళీ వేయించినప్పుడు ఆ మిగులు పూర్తిగా హరించుకుపోతుంది. పారేయకుండా వాడుకుంటే, పొదుపు చేసిన కాగితపు ధరను ప్రతి చదువరీ తన కాలంతో చెల్లిస్తాడు. హాజరు పట్టీ తయారు చేసినవారు ఒక్కరే, దాన్ని ఏడాది పొడవునా తిప్పేవారు అనేకులు. అచ్చుకు ముందు ఒక్కరు వెచ్చించే ఒక్క నిమిషం, ఆ అనేకుల చేతుల్లో ప్రతి పుటకూ ఆదా అవుతుంది. పత్రం ఎవరి కోసమో వారి సౌకర్యాన్ని మించిన పొదుపు లేదని ఈ లెక్క చెబుతుంది.

రెండో పుటకు స్వతహాగా తల అంటూ ఉండదు. చదువరి చేయి కాగితాన్ని ఏ దారిన తిప్పుతుందో ఆ దారే దానికి తలను నిర్ణయిస్తుంది. తాళపత్ర లేఖకుడికి తాడు కళ్ళ ముందే ఉండేది, గ్రిప్పర్ల దగ్గరి ముద్రకుడికి ఫారాలను కుట్టబోయే బైండరు పక్క గదిలోనే ఉండేవాడు, నేడు ఫైలు తయారుచేసేవారికీ దాన్ని కుట్టేవారికీ చదివేవారికీ నడుమ ఊళ్ళ దూరం ఏర్పడింది. ఆ దూరాన్ని దాటించే సాధనాలు లేకపోలేదు: పీడీఎఫ్ 1.7 ప్రమాణం ప్రకారం పత్రాన్ని ఏ అంచున తిప్పి అచ్చు వేయాలో ఆ ఫైలులోనే రాసి ఉంచే వీలుంది, అన్ని సాఫ్ట్‌వేర్లూ దాన్ని పాటించకపోయినా. అందుకే మరింత సులువైన పద్ధతి ఒకటి ప్రతి కార్యాలయమూ, ప్రతి బడీ పాటించదగినది: అడ్డపుటల నమూనా పత్రం ప్రతిదాని మొదటి పుట అడుగున కుట్టు ఎటు, తిప్పవలసిన అంచు ఏది అన్నది చిన్న అక్షరాలతో ఒక్క వరుసలో ముద్రించి ఉంచాలి. ఎడమ కుట్టు, షార్ట్ ఎడ్జ్ అన్న ఆ నాలుగు మాటలు ఏ ఊరి జిరాక్స్ షాపుకు వెళ్ళినా, ఏ యంత్రం మీద పడినా, అచ్చు వేసేవారికి చదువరి చేతిని గుర్తుచేస్తాయి. పత్రాన్ని రూపొందించినవారి బాధ్యత అక్కడితో గాని పూర్తి కాదు.